కథోలిక సభ వైపు చూస్తున్నాను: ఆదిసంఘ రచనలు ఎక్కడ మొదలుపెట్టాలి? (వైజాగ్)

ఎంవీపీ_పాఠకుడు:

అందరికీ నమస్కారం. మాది బాప్టిస్టు సంఘం. ముంచి ఇచ్చే బాప్తిస్మం ఎప్పుడో అయిపోయింది. కథోలిక సభలో చేరినవాళ్ళ సాక్ష్యాలు యూట్యూబులో వరసపెట్టి చూస్తున్నాను. ప్రతి ఒక్కరూ "ఆదిసంఘ పితరులను (తొలి శతాబ్దాల క్రైస్తవ రచయితలను) చదివాక ఇక ఆగలేకపోయాను" అంటారు. ఏం చదివారు, అందులో ఏ అధ్యాయం కదిలించింది అంటే మాత్రం ఒక్కరూ చెప్పరు.

తెలిసినవాళ్ళు చెప్పండి. ఏది ముందు చదవాలి, ఏది తర్వాత? ఈ సాక్ష్యాలను ఎంతవరకు నమ్మొచ్చు? ఫాదర్‌గారిని కలిస్తే వెంటనే పేరు రాసేసుకుంటారా? మళ్ళీ బాప్తిస్మం ఇస్తారా?

జ్ఞానాపురం_ఉపదేశి:

మూడో ప్రశ్నకు ముందు చెప్తాను: పేరు రాసేసుకోరు. రాసుకోవడానికి వాళ్ళు తొందరపడితే మీరే ఒకడుగు వెనక్కి వేయండి.

చదవడం 'దిదకే'తో (ఆదిసంఘపు చిన్న బోధ పుస్తకం) మొదలుపెట్టండి. మొదటి శతాబ్దం చివరో రెండో శతాబ్దం మొదట్లోనో రాసింది. అధ్యాయాలు 16, అన్నీ చిన్నవే, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. 7వ అధ్యాయం దగ్గర మాత్రం ఆగి చదవండి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున పారే నీళ్ళలో బాప్తిస్మం ఇవ్వమంటుంది. పారే నీళ్ళు లేకపోతే వేరే నీళ్ళలో, చన్నీళ్ళు కుదరకపోతే వేణ్ణీళ్ళలో. రెండూ సరిపడా లేకపోతే తల మీద మూడుసార్లు పోయమంటుంది. ముంచడమా, పోయడమా అని మన ఊళ్ళో జరిగే వాదనకు అప్పుడే ఒక జవాబు ఉంది: ముంచడం మామూలు పద్ధతి, పోసినా చెల్లుతుంది. తర్వాతి అధ్యాయంలో బుధ, శుక్రవారాల ఉపవాసం, రోజుకు మూడుసార్లు పరలోక ప్రార్థన.

రెండోది అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ లేఖలు. రెండో శతాబ్దం తొలి ఏళ్ళలో, చంపడానికి రోముకు తీసుకెళ్తుంటే దారిలో రాసినవి, మొత్తం 7. స్ముర్న సంఘానికి రాసిన లేఖలో 7, 8 అధ్యాయాలు చూడండి. సత్ప్రసాదం (ప్రభు భోజనపు రొట్టె) క్రీస్తు శరీరమని ఒప్పుకోనివాళ్ళ గురించి మొదటిది, బిషప్పు లేకుండా ఏమీ చేయొద్దని రెండోది. 'కథోలిక సభ' అన్న మాట మనకు దొరికిన రాతల్లో మొదట కనిపించేది ఆ 8వ అధ్యాయంలోనే.

మూడోది హతసాక్షి జస్టిన్ క్రైస్తవుల తరఫున రాసిన మొదటి విజ్ఞాపన, సుమారు 155 నాటిది. మొత్తం అక్కర్లేదు, 61, ఆపై 65 నుంచి 67 చాలు. 67వ అధ్యాయం ఫోనులో తెరిచి పెట్టుకుని ఒక ఆదివారం తెలుగు పూజకు వెళ్ళి వెనక బెంచీలో కూర్చోండి. అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో చదవడం, సంఘపెద్ద ప్రసంగించడం, అందరూ లేచి ప్రార్థించడం, రొట్టె, ద్రాక్షారసం, నీళ్ళు తేవడం, జనం ఆమేన్ అనడం, రానివాళ్ళకు పంపడం, అనాథలకు, విధవలకు చందా. ఏది ఎక్కడ వస్తోందో మీరే గుర్తుపట్టండి. సత్ప్రసాదం వరసలో మాత్రం నిలబడకండి. దిదకే 9వ అధ్యాయం నాటి నుంచే దానికి కట్టుబాటు ఉంది.

పాతూరు_గ్రంథాలయం:

ఉపదేశిగారు చెప్పిన వరస బాగుంది. చదివేటప్పుడు ఎక్కడ దెబ్బ తింటారో నేను చెప్తాను.

నెట్‌లో ఉచితంగా దొరికే 19వ శతాబ్దపు ఇంగ్లీషు అనువాదంలో ఇగ్నేషియస్ ప్రతి అధ్యాయం రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. పొడుగుది తర్వాతి కాలంలో ఎవరో పెంచి రాసింది. పొట్టిదే చదవండి. సాక్ష్యాల వీడియోల్లో కొందరు తెలియక పొడుగు పాఠం చదివి వినిపిస్తారు, అవతలివాళ్ళు పట్టుకుంటారు, వాదన అక్కడే కూలిపోతుంది.

కార్తేజి బిషప్పు సిప్రియన్ లేఖల సంఖ్యలు కూడా ముద్రణను బట్టి మారతాయి. పసిపిల్లల బాప్తిస్మం గురించి ఫీదుస్‌కు రాసిన లేఖ ఒకచోట 58, ఇంకోచోట 64. నంబరుతో పాటు ఎవరికి రాశారో రాసిపెట్టుకోకపోతే మళ్ళీ దొరకదు. ఆయనే సభ ఐక్యత మీద రాసిన పుస్తకంలో 4వ అధ్యాయానికి రెండు పాఠాలున్నాయి. పేతురు పీఠం (రోము బిషప్పు స్థానం) మాట గట్టిగా ఉన్నది ఒకటే. ఆ ఒక్కటే చూపించి ముగించేవాళ్ళను కాస్త అనుమానించండి.

అగస్టీను పేరుతో తిరిగే "రోము పలికింది, వివాదం ముగిసింది" కూడా అలాంటిదే. ఆయన 131వ ప్రసంగంలో ఉన్నది ఇంకా పొడుగు వాక్యం: రెండు బిషప్పుల సభల తీర్మానాలు అపొస్తలిక పీఠానికి (రోముకు) వెళ్ళాయి, అక్కడి నుంచి జవాబులు వచ్చాయి, వ్యవహారం ముగిసింది అని. అర్థం మరీ దూరం కాదు, కానీ వాట్సాప్ కార్డు మీద ఉన్న మాటలు ఆయనవి కావు.

సాక్ష్యాల సంగతి. అందరూ చెప్పేది అగస్టీను తన మార్పు గురించి రాసుకున్న 'కన్ఫెషన్స్' 8వ పుస్తకంలోని తోట: 386, మిలాను, "తీసి చదువు" అన్న పసిగొంతు, రోమా 13:13-14. దాని ముందున్నది వదిలేస్తారు. అంతకు ముందు నమ్మిన మానీ మతం మీద విసుగు, మిలాను బిషప్పు అంబ్రోసు ప్రసంగాలు, ప్లేటో అనుచరుల పుస్తకాలు, ఇవన్నీ 5 నుంచి 7 పుస్తకాల్లో. అదే 8వ పుస్తకం 2వ అధ్యాయంలో విక్టోరినస్ అనే పండితుడు ఉంటాడు. ఇంట్లో కూర్చుని "నేను క్రైస్తవుణ్ణే" అంటాడు. అతని స్నేహితుడు సింప్లిసియన్ "గుడిలో చూసేదాకా నమ్మను" అంటే, "గోడలు చేస్తాయా మనిషిని క్రైస్తవుణ్ణి?" అని నవ్వుతాడు. చివరికి ఆ గోడల మధ్యకే వస్తాడు. యూట్యూబులో మాత్రమే కథోలికులైనవాళ్ళు చదవాల్సిన పేజీ. తోటలో నిర్ణయం అయ్యాక కూడా అగస్టీను జ్ఞానస్నానం (బాప్తిస్మం) 387 పాస్కు జాగరణ (ఈస్టరు ముందు రాత్రి) దాకా ఆగింది.

ఆంగ్లికన్ సంఘం నుంచి వచ్చిన ఇంగ్లండు పండితుడు న్యూమన్‌ది ఇంకా నెమ్మది. 5వ శతాబ్దపు ఏకస్వభావ వాదుల (క్రీస్తుకు ఒకే స్వభావం అన్నవాళ్ళ) చరిత్ర చదువుతూ మొదటి కుదుపు తగిలింది 1839లో, సభలో చేరింది 1845 అక్టోబరు 9న. వీడియో అయితే ఆ ఆరేళ్ళను ఆరు నిమిషాలు చేస్తుంది.

పుస్తకాల దారే దారి అనుకోకండి. తిరువాన్కూరు కొలువులో పనిచేసిన దేవసహాయం పిళ్ళై పితరులను చదివి రాలేదు. కష్టాల్లో ఉండగా డచ్చి సేనాని డి లెన్నాయ్ చెప్పిన యోబు కథ విని వచ్చాడు. 1745లో జ్ఞానస్నానం, 1752లో కాల్చి చంపారు, 2022 మే 15న పునీతుడిగా ప్రకటించారు.

కోటవీధి_బాప్టిస్టు:

ఆపడానికి కాదు గానీ, రెండో వైపు కూడా ఉండాలి కదా. ఉపదేశిగారు చూపించిన దిదకే 7లోనే ఇంకో మాట ఉంది: బాప్తిస్మం పొందబోయేవాడు ముందు ఒకటి రెండు రోజులు ఉపవాసం ఉండాలి. పసిపిల్లాడు ఉపవాసం ఉంటాడా? సుమారు 200లో కార్తేజి రచయిత తెర్తుల్లియన్ బాప్తిస్మం మీద రాసిన పుస్తకంలో 18వ అధ్యాయం చూడండి, చిన్నపిల్లల విషయంలో ఆగడమే మేలంటాడు. ఇవి కూడా ఆదిసంఘ రచనలే. సిప్రియన్ అయితే రోము బిషప్పు స్తెఫానుతోనే తలపడ్డాడు.

జ్ఞానాపురం_ఉపదేశి:

కోటవీధిగారు చెప్పిన మూడూ నిజమే. దిదకేలో పసిపిల్లల ప్రస్తావన లేదు. కాకపోతే ఆగమని తెర్తుల్లియన్ చెప్పాల్సి వచ్చిందంటే అప్పటికే ఇస్తున్నారన్నమాట. ఫీదుస్ లేఖలో 66 మంది బిషప్పులు కూడి ఎనిమిదో రోజు దాకా కూడా ఆగనక్కర్లేదన్నారు. అన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిందే.

స్తెఫాను, సిప్రియన్‌ల తగువు మీ నాలుగో ప్రశ్నకు సూటిగా తగులుతుంది. 255, 256 ప్రాంతంలో గొడవ ఇది: సభకు బయట బాప్తిస్మం పొందినవాళ్ళకు మళ్ళీ ఇవ్వాలా? ఇవ్వాలన్నాడు సిప్రియన్. వద్దు, చేతులుంచి చేర్చుకోండి అన్నాడు స్తెఫాను. 314లో ఆర్ల్‌లో కూడిన బిషప్పుల సభ స్తెఫాను వైపే తేల్చింది: వచ్చినవాణ్ణి విశ్వాస ప్రమాణం అడగండి, త్రిత్వ నామంలో పొందివుంటే చేతులుంచితే చాలు అని. అందుకే నీళ్ళతో, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున జరిగి ఉంటే మీకు మళ్ళీ ఇవ్వరు. ఇస్తామని ఎవరైనా అంటే అది తప్పు. "యేసు నామమున" అని మాత్రమే చెప్పే సంఘంలో అయితే అది చెల్లదు, మొదటి నుంచీ రావాలి.

ఇక క్రమం. ముందు విచారణ గురువులతో (ఆ గుడి ఫాదర్‌గారితో) మాట్లాడటం, తర్వాత ఉపదేశం. దీనికి వారాల లెక్క లేదు, మీకున్న క్రైస్తవ జ్ఞానాన్ని బట్టి ఉంటుంది. చేర్చుకునే రోజుకు ముందు పాపసంకీర్తనం (గురువుల దగ్గర పాపాలు ఒప్పుకోవడం). ఆ రోజు పూజలో విశ్వాస ప్రమాణం చెప్పి, సభ బోధనంతా నమ్ముతున్నానని ఒక వాక్యం పలుకుతారు. ఆ గురువులే భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ఇస్తారు, అదే పూజలో సత్ప్రసాదం. దీనికి పాస్కు జాగరణ దాకా ఆగనక్కర్లేదు. అసలు బాప్తిస్మమే లేనివాళ్ళ దారి వేరు: తపస్కాలం (ఈస్టరు ముందు నలభై రోజులు) మొదటి ఆదివారం ఎన్నిక, 3, 4, 5 ఆదివారాల్లో పరిశోధన ప్రార్థనలు, జాగరణ రాత్రి జ్ఞానస్నానం. మిమ్మల్ని వాళ్ళతో కలిపి ఒకే వరసలో కూర్చోబెడితే మర్యాదగా గుర్తుచేయండి. గెలిచామన్న ఆర్భాటం కనిపించకూడదని చేర్చుకునే క్రమం పుస్తకమే చెప్తుంది, కాబట్టి ఫ్లెక్సీ వేస్తామంటే వద్దనండి.

ఎక్కువమందికి ఆలస్యమయ్యేది పెళ్ళి దగ్గర. మీకో మీ భాగస్వామికో ముందు పెళ్ళి అయి విడాకులు జరిగి, ఆ మొదటివారు బతికుంటే మొదటి రోజే చెప్పేయండి. మేత్రాసనం ట్రిబ్యునల్‌లో (బిషప్పుగారి పరిధిలోని సభ న్యాయస్థానంలో) తేలాకే మిగతావి కదులుతాయి. చివర్లో చెబితే అన్నీ అయ్యాక గుమ్మంలో ఆగిపోతారు.

ఎంవీపీ_పాఠకుడు:

చాలా థాంక్సండీ అందరికీ. పెళ్ళి కాలేదు, ఆ గొడవ లేదు. ఇంకొక్కటి: నా సర్టిఫికెట్‌లో తేదీ, పాస్టరుగారి సంతకం ఉన్నాయి గానీ ఏ మాటలతో ఇచ్చారో లేదు. సరిపోతుందా?

జ్ఞానాపురం_ఉపదేశి:

బాప్టిస్టు సంఘాలు త్రిత్వ నామమే వాడతాయి కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు. అయినా పాస్టరుగారి దగ్గర నాలుగు వాక్యాల ఉత్తరం తీసుకోండి: తేదీ, చోటు, నీళ్ళలో ముంచి ఇచ్చామని, ఏ మాటలు పలికారో. ఆయన లేకపోతే ఆ రోజు ఒడ్డున నిలబడి చూసిన ఇద్దరి సంతకాలు. ఇవన్నీ అడిగాక కూడా అనుమానం మిగిలితేనే "ఇంతకు ముందు పొందకపోయి ఉంటే" అన్న షరతు మాటతో, హడావుడి లేకుండా ఇస్తారు.

పాతూరు_గ్రంథాలయం:

ఫాదర్‌గారితో మొదటిసారి మాట్లాడటానికి రాస్ హిల్ మీది మరియమాత గుడికి ఎక్కాలనుకుంటే డిసెంబరు 8న మాత్రం వద్దు, ఆమె పండుగ జనంలో ఆయనకు నీళ్ళు తాగే తీరిక ఉండదు. వారం మధ్యలో సాయంత్రం పూజ అయ్యాక వెళ్ళండి. మీ 66 పుస్తకాల బైబిలు పట్టుకెళ్ళినా ఫర్వాలేదు, కానీ మక్కబీయులు, సీరా, జ్ఞానగ్రంథం లాంటివి కలిపి 73 ఉన్న కథోలిక తెలుగు బైబిలు ఒకటి కొనుక్కోండి, పితరులు వాటిలోంచి మాటలు ఎత్తి చూపిస్తుంటే మీకు అక్కడ ఖాళీగా కనిపిస్తుంది. చేర్చుకున్న రోజు విచారణ రిజిస్టరులో మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. పెళ్ళి కాయితాలప్పుడు తెలుస్తుంది దాని విలువ.