పాత 4యూ (ర్యాకులో నాలుగు యూనిట్ల ఎత్తుండే) సర్వర్ ఎవరికైనా ఇవ్వాలి, ఎలా?

ప్రశ్న: మా కాలేజీ ల్యాబులో డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్900 సర్వర్ ఉంది. నాలుగు జియాన్ 7400 ప్రాసెసర్లు, 128 జీబీ ర్యామ్, 300 జీబీ ఎస్ఏఎస్ (సర్వర్లలో వాడే రకం) డిస్కులు ఐదు (ఒకటి హాట్ స్పేర్, అంటే ఏదైనా డిస్కు పోతే దాని చోట పనిచేయడానికి ఉంచింది). ఆన్ అవుతోంది. పిల్లలు నేర్చుకోవడానికి ఎవరికైనా ఇవ్వచ్చా, తుక్కుకేనా?

జవాబు 1: ముందు కరెంటు లెక్క చూడండి. ఖాళీగా 400 వాట్లు లాగిందనుకున్నా నెలకు 288 యూనిట్లు. పైగా ఈ ప్రాసెసర్లలో ఏవీఎక్స్ (కొత్త ప్రాసెసర్లలో ఉండే అదనపు లెక్కల ఆదేశాలు) లేదు కాబట్టి మాంగోడీబీ 5.0 డేటాబేస్ లాంటివి నడవవు. విప్పి చూపించే పాఠాలకైతే బంగారం: రైడ్ (డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా నడిపే ఏర్పాటు), రెండు పవర్ సప్లైలు, ఫ్యాన్లు అన్నీ చేత్తో పట్టుకుని చూడచ్చు. ఐటీఐకో పాలిటెక్నిక్‌కో అడగండి. రైల్స్ (ర్యాకులో బిగించే పట్టాలు), బెజెల్ (ముందు మూత) తాళంచెవి కూడా ఇవ్వండి. అవి పోతే మళ్ళీ దొరకడం కష్టం.

జవాబు 2: ఇచ్చేముందు డిస్కుల్లో డేటా తుడవడం మర్చిపోకండి. రైడ్ కార్డు వెనక ఉన్న డిస్కులు విడివిడిగా కనపడవు, వర్చువల్ డిస్కు (కార్డు అన్నీ కలిపి ఒకటిగా చూపించేది) తుడిస్తే హాట్ స్పేర్ అలాగే మిగిలిపోతుంది. పాత రైడ్ తీసేసి, ఒక్కో డిస్కును విడిగా రైడ్-0 చేసి (అప్పుడు ఒక్కోటీ వేరుగా కనపడుతుంది) ఎన్‌వైప్ అనే డిస్కు తుడిచే ప్రోగ్రాము నడపండి. ఒక్కోదానికి గంట పైనే పడుతుంది.

ప్రశ్న అడిగినవారు: ర్యామ్ మాత్రం తీసి మా పీసీల్లో వేసుకోవచ్చాండీ?

జవాబు 2: కుదరదండీ. అది ఎఫ్‌బీ-డిమ్ అనే సర్వర్ రకం ర్యామ్, మామూలు పీసీ డీడీఆర్2 స్లాటులో పనిచేయదు. ఎస్ఏఎస్ డిస్కులూ అంతే, సాటా (మామూలు పీసీ డిస్కుల కనెక్షన్) ఉన్న బోర్డుకు పనికిరావు. మోసేటప్పుడు పవర్ సప్లైలు, డిస్కులు తీసేసి ఇద్దరు పట్టండి.

జవాబు 3: ఎవరూ తీసుకోకపోతే వీధి తుక్కువాడికి వేయకండి. 2022 ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ తుక్కు) నిబంధనల కింద నమోదైన రీసైక్లర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి, స్టాకు రిజిస్టరులో కొట్టేయడానికి అదే ఆధారం. రైడ్ కార్డు బ్యాటరీ ఉబ్బిందేమో చూసి విడిగా ఇవ్వండి.