అప్‌డేట్: తక్కువ బరువు వేట రైఫిల్ ఎంపిక, మూడో తూటా పక్కకు పోవడానికి అసలు కారణం

3 కిలోల లోపు, చవకగా, ఏడాదికి రెండు మూడుసార్లే వాడే వేట రైఫిల్ ఏది మంచిదని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. పాలిమర్ (ప్లాస్టిక్) స్టాక్, అంటే బ్యారెల్‌ను మోస్తూ భుజానికి ఆనే భాగం, ఉన్న బోల్ట్ యాక్షన్ (ఒక్కో తూటాకూ చేత్తో బోల్ట్ లాగే రకం) తీసుకున్నాను, .243 విన్చెస్టర్ తూటా సైజులో. అంతకన్నా పెద్ద తూటా అయిన .308 వద్దన్నవాళ్ల మాటే సరైనది. రైఫిల్ తేలికయ్యేకొద్దీ భుజానికి తన్ను ఎక్కువ. ఆ భయంతో ట్రిగ్గర్ నొక్కే క్షణంలోనే ఒళ్లు బిగుసుకుని గురి తప్పుతుంది. జింకలకు .243 చాలు.

బరువు మాత్రం అన్నీ కలిపి తూచండి. 2.8 కిలోల రైఫిల్ స్కోప్, మౌంట్లు, స్లింగ్, తూటాలతో 3.5 దాటింది.

తర్వాత వచ్చిన చిక్కు: 100 మీటర్ల దగ్గర రెండు తూటాలు పక్కపక్కనే, మూడోది 8 సెం.మీ. పక్కకు. సన్న బ్యారెల్ వేడెక్కుతోందనుకుని ఒక్కో దెబ్బకూ 5 నిమిషాలు ఆరనిచ్చినా అంతే. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) మొదట చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) ఏమీ లేదని చూసుకుని, బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య మడతపెట్టిన కాగితం జరిపాడు. ముందు చివర దగ్గర, ఎడమవైపు, ఆగిపోయింది, అంటే అక్కడ స్టాక్ బ్యారెల్‌కు తగులుతోంది. బైపాడ్ (రైఫిల్ ముందు ఉండే రెండు కాళ్ల స్టాండ్) మీద బరువు వేస్తే స్టాక్‌లోని మెత్తటి ప్లాస్టిక్ వంగి బ్యారెల్‌ను తోసేస్తోంది, అదీ ప్రతిసారీ ఒకేలా కాదు. స్టాక్ గాడి లోపల అరగదీసి 2 మి.మీ. సందు తెచ్చాడు, యాక్షన్ స్క్రూలను (రైఫిల్ లోహ భాగాన్ని స్టాక్‌కు పట్టి ఉంచేవి) తయారీదారు చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాడు. ఇప్పుడు మూడూ 4 సెం.మీ. లోపే.

స్కోప్‌లో లోపం లేదు. తూటాల బ్రాండ్ మార్చినా తేడా రాలేదు.