మొగదిషు 1993ను బల్ల మీద ఆడటం: సోమాలీ వైపు పడిపోయిన బొమ్మలకు లెక్క ఉండాలా?

సూక్ష్మసేన
మిత్రులందరికీ నమస్కారం. వచ్చే నెల మొదటి ఆదివారం హైదరాబాదులో మా ఇంట్లో, 1993 అక్టోబరు 3న సోమాలియా రాజధాని మొగదిషులో అమెరికన్ దళానికీ సోమాలీ మిలీషియాకూ జరిగిన పోరును 28 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆడించబోతున్నాను. నియమాలు ‘ఫోర్స్ ఆన్ ఫోర్స్’ అనే బల్ల మీది యుద్ధ ఆటవి, బల్ల ఆరడుగులకు నాలుగడుగులు. మొదటి అమెరికన్ హెలికాప్టరు సూపర్ 61 కూలిన సందు, దాని చుట్టూ నాలుగు వీధులు మాత్రమే తీసుకున్నాను. ఒక్కో ఆటగాడికి పదిమందికి మించి అప్పగిస్తే అది చిన్న దళాల పోరు కాకుండా పోతుంది. తర్ఫీదును బట్టి, అమెరికన్ల ప్రత్యేక బలగమైన డెల్టా దళానికి పన్నెండు ముఖాల పాచిక, వాళ్ల పదాతి సైనికులైన రేంజర్లకు ఎనిమిది ముఖాలది, సోమాలీ మిలీషియాకు ఆరు ముఖాలది. అమెరికన్ గాయపడితే సోమాలీ ఆటగాడికి రెండు పాయింట్లు, చనిపోతే మూడు. సోమాలీ బొమ్మ పడిపోతే ఎవరికీ ఏమీ రాదు. దాన్ని పక్కన పెట్టి, తరువాతి వంతులో వీధి చివర కొత్త బొమ్మలు దిగే చోటు, అంటే హాట్‌స్పాట్ నుంచి మళ్లీ దింపుతాం. నాకున్న సందేహం ఒక్కటే: పౌరుల గుంపులను బల్ల మీద పెట్టాలా, వద్దా?

కొలబద్ద
పౌరుల సంగతి తరువాత చూద్దాం, ముందు దూరాల సంగతి తేల్చండి. 28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే దాదాపు 1/56 స్కేలు. మీ ఆరడుగుల బల్ల నిజమైన నేల మీద నూరు మీటర్లకు కాస్త ఎక్కువ. ఏకే-47 మూడు వందల మీటర్ల దాకా గురి తప్పకుండా పనిచేస్తుంది కాబట్టి, మీ బల్ల మీద దాని తూటా అయిదు మీటర్ల పైచిలుకు పోవాలి, అంటే హాలు దాటి వంటింట్లోకి. అలాంటప్పుడు ఆరు ముఖాల పాచికవాడికి ఆరంగుళాలే అనుకూలమైన దూరమని నియమం చెబితే, అది నేల మీద ఎనిమిదిన్నర మీటర్లే అవుతుంది. ఇది యుద్ధమా, దొంగాటా?

సూక్ష్మసేన
కొలబద్ద గారూ, ఆ అంగుళాలు తుపాకీకి గరిష్ఠ దూరం కావని ఇంతకుముందే ఇక్కడ చర్చించుకున్నాం. ఆ నియమాలలో కంటికి కనిపించిన ప్రతివాడినీ కాల్చవచ్చు. ఆ అంగుళాల లోపలికి వస్తే మాత్రం ఒక పాచిక అదనంగా దొరుకుతుంది, ఎందుకంటే తర్ఫీదు లేనివాడు బాగా దగ్గరికి వస్తే తప్ప గురిపెట్టి కాల్చలేడు. పైగా బకారా బజారు పరిసరాల సందులలో చూపు ఆనేదే ఒక మలుపు దాకా, కాబట్టి అక్కడ హద్దు గోడదే, తుపాకీది కాదు.

చదరంగప్రియ
చదరంగం కూడా యుద్ధమే కదండీ, అందులో చచ్చిన బంట్ల కోసం ఎవరూ ఏడవరు.

మాజీ_హవల్దారు
అయ్యా చదరంగప్రియ గారూ, చదరంగంలో బంటుకు తల్లి ఉండదు. నేను మాట్లాడేది అది ఉన్నవాళ్ల గురించి. 1993లో సోమాలియాకు వెళ్లిన మన 66వ స్వతంత్ర పదాతి బ్రిగేడుతో పాటు నేను బైదోవాలో పనిచేశాను. మొగదిషుకు అది దాదాపు రెండు వందల యాభై కిలోమీటర్ల దూరం. గస్తీకి బయలుదేరే ముందు మేమూ ఇసుకలో వీధులు గీసి, అగ్గిపెట్టెలను ఇళ్లుగా, గులకరాళ్లను మనుషులుగా పెట్టి, ఎవడు ఏ మూల నిలబడాలో, కాల్పులు మొదలైతే ఎవడు ఎవడికి కాపు కాయాలో గంటసేపు మాట్లాడుకునేవాళ్లం. దాన్ని శాండ్ మోడల్ అంటాం. కాబట్టి బల్ల మీద బొమ్మలు పెట్టడం తప్పని నేను అనను. అయితే ఆ ఇసుక ముందు కూర్చున్నప్పుడు ఎవరికి ఎన్ని పాయింట్లని ఏ సుబేదారూ అడగలేదు. నాకు నచ్చనిది మీ పాయింట్ల పట్టిక, మీ బొమ్మలు కాదు.

పాచిక_పన్నెండు
హవల్దారు గారు చెప్పినదాంట్లో సగమే నాకు నచ్చింది. పాయింట్లు లేకపోతే ఆట ఉండదు, ఉండాల్సిందే. అయితే ఒక పక్షం మనుషులకే వెల కట్టి, రెండో పక్షం మనుషులను పెట్టెలోంచి తీసి మళ్లీ మళ్లీ వాడుకోవడం ఏ రకం న్యాయం? ఈ గుంపులో ఆఫ్ఘనిస్తాన్ ఆడినా, ఇరాక్‌లోని ఫల్లూజా ఆడినా నాకు దక్కేది ఎప్పుడూ ఆరు ముఖాల పాచికే. కారణం అడిగితే, నా దగ్గర రంగు వేసిన అమెరికన్లు లేరంటారు. నేను ఎంతో ఓపికగా ఒక్కో సోమాలీ బొమ్మ మాకావీస్ మీద, అంటే మన లుంగీ లాంటి బట్ట మీద, సన్నని కుంచెతో గళ్లు గీసి తెచ్చాను. పోయినసారి వాటిలో ఒకదాని ఆర్పీజీ (భుజం మీంచి రాకెట్ వదిలే ఆయుధం) గొట్టాన్ని విరగ్గొట్టి, ‘ఎలాగూ చచ్చేదే కదా’ అన్నారు. ఆ మాట అన్నదెవరో ఆయనకు తెలుసు. బొమ్మ విలువే అంత అయినప్పుడు, అది ఎవరి తరఫున నిలబడిందో ఆ మనిషి విలువ ఇంకెంత?

సూక్ష్మసేన
గొట్టం విరిగింది నిజం, సూపర్‌గ్లూతో అతికించి ఇచ్చిందీ నిజం. అయితే దానికీ ఈ చర్చకూ ముడిపెట్టడం సబబు కాదు. చారిత్రకంగా చూడండి. ఆ పూట అమెరికన్ దళం దాదాపు 160 మంది. వారి ముందున్న ప్రశ్న గెలవడం ఎలా అన్నది కాదు, పడిపోయినవాడిని వదలకుండా బయటపడటం ఎలా అన్నది. ఈ నియమాలలో గాయపడినవాడి కోసం పాచిక వేసి, అతడు లేస్తాడా, మోయించుకుంటాడా, పోయాడా అన్నది తేల్చాలి, మోసేవాళ్ల వల్ల ఆ జట్టు కాల్పుల బలం తగ్గాలి. ఒక్క గాయంతో పదిమంది జట్టు ఎలా కాళ్లు కట్టేసినట్టు ఆగిపోతుందో ఇంత బాగా చూపించే ఆట నాకు ఇంకొకటి తెలియదు. ఎదుటి పక్షానికి జనం తరగకుండా వస్తూనే ఉన్నారు, అందుకే హాట్‌స్పాట్లు. ఇది పక్షపాతం కాదు, ఆ రోజు జరిగింది అదే.

లీసెస్టర్_తెలుగు
ఇక్కడి క్లబ్బులో ఇదే పోరును 15 మిల్లీమీటర్లలో ఆడారు. పౌరుల గుంపులను పెట్టారు గానీ, ఎవరి ఆధీనంలోనూ లేకుండా కార్డు తీసినప్పుడల్లా కదిలించారు. బాగానే నడిచింది.

కొలబద్ద
15 మిల్లీమీటర్లంటే 1/100 స్కేలు, అదే బల్ల నూట ఎనభై మీటర్లు దాటుతుంది. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే, స్కేలు మారిస్తే సగం సమస్యలు పోతాయి.

పాచిక_పన్నెండు
స్కేలు మారిస్తే చచ్చినవాడు చిన్నవాడవుతాడు, అంతే కదండీ.

సూక్ష్మసేన గారూ, ‘ఆ రోజు జరిగింది అదే’ అన్నారు కదా, జరిగింది మొత్తం చెప్పండి మరి. అదే ఏడాది జూన్ 5న 24 మంది పాకిస్తానీ శాంతిదళ సైనికులను చంపారు, అది ఘోరమే. దాని తరువాత జూలై 12న, హబర్ గిదిర్ తెగ పెద్దలు సమావేశమైన ఇంటి మీద అమెరికన్ హెలికాప్టర్లు క్షిపణులు వేశాయి. రెడ్‌క్రాస్ లెక్కలో యాభైమందికి పైగా పోయారు. అంతవరకు ఆ తెగ మిలీషియా నాయకుడైన ఐదీద్‌ను సమర్థించనివాళ్లు కూడా ఆ తరువాత తుపాకీ పట్టారు. అక్టోబరులో వీధుల్లోకి వచ్చిన జనం మీ హాట్‌స్పాట్ అనే ఖాళీలోంచి ఊడిపడలేదు, ఆ ఇంట్లోంచి వచ్చారు. అమెరికన్లలో ఆ పోరు వల్ల పోయిన 18 మందికీ పేర్లు, ఫొటోలు, పతకాలు ఉన్నాయి. సోమాలీలలో ఎంతమంది పోయారో ఈనాటికీ కొన్ని వందలనీ, వెయ్యికి పైగా అనీ అంచనాలే. మీ పట్టిక ఆ అన్యాయాన్నే నియమంగా అచ్చువేసింది.

సూక్ష్మసేన
మీరు ఉపన్యాసం ఇస్తున్నారు, నేను ఆట తయారు చేస్తున్నాను. పాచికల లెక్క చూడండి. నాలుగు గానీ అంతకు మించి గానీ పడితేనే విజయం కాబట్టి, ఆరు ముఖాల పాచికవాడికి అవకాశం సగం, పన్నెండు ముఖాలవాడికి ముప్పాతిక. దానికి తోడు ఎదుటివాడి పాచికను మించాలి కూడా. సోమాలీలకు తిరిగి వచ్చే అవకాశం తీసేస్తే మూడో వంతుకే ఆట ముగుస్తుంది, మీరు కుర్చీలో వెనక్కి వాలి ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. పోయినసారి మీరు చేసింది అదే.

పాచిక_పన్నెండు
పోయినసారి నేను ఫోను చూసుకున్నది మా నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చారని వచ్చిన మెసేజీ కోసం. ఆ సంగతి అడిగి తెలుసుకునే మర్యాద కూడా మీకు లేకపోయింది.

గోడమీదపిల్లి
ఇద్దరూ కాస్త మంచినీళ్లు తాగండి బాబూ.

మాజీ_హవల్దారు
నేను ఒక్క ప్రశ్న అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో మన సైనికులు 20 మంది పోయారు. వారిని నడిపించిన కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. అదీ చిన్న దళాల పోరే, తుపాకులు లేకుండా రాళ్లతో, కర్రలతో జరిగింది కాబట్టి ఇంకా చిన్నది. ఆ రాత్రిని మీ బల్ల మీద ఆడతారా? ఆడితే ఏ బొమ్మ పడిపోతే ఎన్ని పాయింట్లు వేస్తారు?

సూక్ష్మసేన
హవల్దారు గారూ, మీ వయసుకూ మీ సేవకూ నమస్కరిస్తూనే చెబుతున్నాను, ఆ పోలిక ఇక్కడికి తేకుండా ఉండవలసింది. గల్వాన్‌ను నేను ఆడను. ఆ ఇంటివాళ్లు మన మధ్యనే ఉన్నారు.

మాజీ_హవల్దారు
మొగదిషులో పోయినవాళ్ల ఇంటివాళ్లు కూడా ఎవరో ఒకరి మధ్యనే ఉన్నారు నాయనా. వాళ్లు తెలుగు చదవలేరు కాబట్టి ఈ చర్చలోకి రాలేదు. మీరు ఆడవద్దని నేను శాసించడం లేదు. మన వాళ్ల విషయంలో మీకు గొంతుకు అడ్డుపడింది ఏదైతే ఉందో, అది అవతలివాళ్ల విషయంలో ఎందుకు అడ్డుపడలేదో చెప్పమని అడుగుతున్నాను.

సూక్ష్మసేన
చెబుతాను. నాకు అమెరికన్ వైపే చదవడానికి దొరికింది. వాళ్ల దగ్గర గంట గంటకూ ఎవడు ఎక్కడున్నాడో రాసిపెట్టి ఉంది, కాబట్టి ఆ పక్షాన నేను ఒక్కో బొమ్మనూ ఒక మనిషిగా నిలబెట్టగలను. అవతలి పక్షాన దొరికేది గుంపు. గుంపుకు ఆటలో గుంపు నియమమే సరిపోతుంది. దొరకని వివరాలను ఊహించి పెడితే అది ఇంకా పెద్ద అబద్ధం అవుతుందని నా ఉద్దేశం. మీ ఇద్దరూ దాన్ని చిన్నచూపు అనుకుంటున్నారు.

పాచిక_పన్నెండు
ఇప్పుడు మీరు అసలు మాట అన్నారు, ఇంతసేపూ పాచికల లెక్కల వెనక ఉన్నది ఇదే. నేను ఒప్పుకోను. వివరం దొరకలేదంటే లెక్కపెట్టనక్కర్లేదని కాదు. నా ప్రతిపాదన ఇది. హాట్‌స్పాట్లు ఉంచండి, అయితే తిరిగి వచ్చే బొమ్మలకు ఒక హద్దు పెట్టండి, పడిపోయిన ప్రతి సోమాలీ బొమ్మకూ కాగితం మీద ఒక గీత గీయండి. గీతలు పెరిగేకొద్దీ మిలీషియా నాయకుడు తన తెగకు జవాబు చెప్పుకోవాలి కాబట్టి, అతడి కొత్త జట్లు రావడం ఆలస్యం కావాలి. అమెరికన్ పక్షానికి గెలుపును సందు లెక్కలో కాక వాషింగ్టన్ లెక్కలో తేల్చండి. అక్టోబరు 7న క్లింటన్, 1994 మార్చి 31కల్లా సేనలను వెనక్కి రప్పిస్తామని ప్రకటించాడు. మీ రేంజర్లు బల్ల మీద ప్రతి పాచికా గెలిచి కూడా ఆట ఓడిపోవచ్చన్న సంగతి మీ పట్టికలో ఎక్కడుంది?

లీసెస్టర్_తెలుగు
గీతల ఆలోచన బాగుంది, మా వాళ్లకూ చెబుతాను.

కొలబద్ద
హద్దు పెడితే ఎంత పెట్టాలన్నది మళ్లీ స్కేలు మీదే ఆధారపడుతుంది.

నిర్వాహకుడు
విరిగిన గొట్టం, ఫోను విషయాలను సభ్యులిద్దరూ వ్యక్తిగత సందేశాలలో మాట్లాడుకోవలసిందిగా మనవి. మిగిలిన చర్చ కొనసాగవచ్చు.

మాజీ_హవల్దారు
నేను ఆదివారం రాలేను, వచ్చినా ఆడను. అయితే ఒక్క సంగతి చేర్చండి. రాత్రి చిక్కుకుపోయినవాళ్లను బయటికి తెచ్చిన వరుసలో పాకిస్తానీల ట్యాంకులు, మలేషియావాళ్ల కాండోర్ అనే కవచపు బండ్లు ఉన్నాయి, ఒక మలేషియా సైనికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. మీ బల్ల మీద ఆ బండ్లు ఏ పక్షానివో, ఆ మనిషికి ఎన్ని పాయింట్లో మీ పట్టికలో కనబడలేదు.

సూక్ష్మసేన
నా ఆట చీకటి పడే వేళకే ముగుస్తుంది, అందుకే వాటిని పెట్టలేదు. పాచిక_పన్నెండు గారూ, గీతల పద్ధతిని ఒకసారి ఆడి చూస్తాను. సోమాలీ బొమ్మలు నా దగ్గరున్నవీ మీవీ కలిపి ఎన్ని అయితే అన్ని, అవి అయిపోతే ఇక రావు. వాషింగ్టన్ లెక్క మాత్రం పెట్టను. సందులో మోకాళ్ల మీద కూర్చున్న ఇరవై ఏళ్ల కుర్రవాడికి క్లింటన్ ఏమంటాడో తెలియదు, తెలియకుండానే అతడు నిర్ణయం తీసుకోవాలి. అది తీసేస్తే నేను ఈ ఆట ఆడటానికే కారణం లేదు. మీరు నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉందో చెప్పలేదు.

పాచిక_పన్నెండు
ఆయన ఇంటికి వచ్చారు, నడుస్తున్నారు. బొమ్మలు తెస్తాను, కానీ ఈసారి డెల్టా పాచిక నాకు ఇవ్వాలి, సోమాలీ పక్షం మీరు తీసుకోవాలి, గీతలు మీరే మీ చేత్తో గీయాలి. దీనికి ఒప్పుకుంటేనే వస్తాను.