హిప్‌హాప్‌లో రాగం ఉందా, లేక నా చెవికి అందడం లేదా?

ప్రశ్న: మూలాపేట శ్రోత, నెల్లూరు

నా వయసు 58. మా నాన్నగారు హార్మోనియం వాయించేవారు కాబట్టి, పాటలో ముందు శ్రుతి, తరువాతే మిగిలినవన్నీ అన్న నమ్మకంతో పెరిగాను. వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు రాత్రిళ్లు డాబా మీద చిన్న స్పీకరులో హిప్‌హాప్ పెడుతున్నాడు. వింటున్నంతసేపూ ఎవరో గబగబా తగువాడుతున్నట్టే ఉంది తప్ప, పొద్దున లేచి కూనిరాగం తీయడానికి ఒక్క ముక్క కూడా నోట మిగలలేదు. “ఇందులో రాగమేదిరా?” అంటే, “ఉంది మామయ్యా, నువ్వే వినడం లేదు” అన్నాడు. పిల్లవాణ్ణి తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఎక్కడ వినాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: మృదంగం మాస్టారు, ఒంగోలు

అయ్యా, శ్రుతి మాత, లయ తండ్రి అంటాం గదా. హిప్‌హాప్ తండ్రి దగ్గర పెరిగిన బిడ్డ. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే పాటలు వేసిన ఒక పార్టీ నుంచి దీని పుట్టుకను లెక్కిస్తారు. పాట మధ్యలో గొంతులు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే కొద్ది క్షణాల్లోనే జనం ఎక్కువగా చిందులేస్తున్నారని ఆయన గమనించి, ఒకే రికార్డును రెండు ప్రతులు తెచ్చి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో మళ్లీ అందుకుంటూ దానిని సాగదీశారు. అంటే పాడే భాగాన్ని పక్కన పెట్టి లయను ముందుకు తేవడంతోనే ఈ సంగీతం మొదలైంది.

నా దగ్గరికి వచ్చే పిల్లలు మృదంగం మీద చెయ్యి వేయకముందు నోటితో “తకధిమి” చెప్పాలి. హిప్‌హాప్‌లో లయకు కట్టి మాటలను గబగబా చెప్పే ర్యాప్‌లో గాయకుడు నాలుగేసి అక్షరాల నడకలో వెళుతూ ఉన్నట్టుండి మూడేసి అక్షరాల నడకకు, మన మాటల్లో చతురశ్రం నుంచి తిశ్రానికి, దాటి తిరిగి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చి పడినప్పుడు నాకు ఒళ్లు పులకరిస్తుంది. కచేరీలో పాట ఆగి మృదంగం వంటి లయవాద్యాలే మోగే తని ఆవర్తనం మొదలుకాగానే కాఫీకి లేచిపోయే శ్రోతలను చూసి ఎన్నోసార్లు బాధపడ్డాను. మీరు అలా లేచిపోవద్దు. తొడ మీద తాళం వేస్తూ ఒక్కసారి వినండి.

జవాబు: పద్యనాటక ప్రియుడు, కందుకూరు

మాస్టారు గారు లయ గురించి చెప్పినదంతా నిజమే. అయితే మూలాపేట వారు అడిగింది రాగం గురించి. రంగస్థల పద్యానికి తాళమే ఉండదు. చివరి అక్షరం మీది అచ్చును పట్టుకుని నటుడు రాగం తీస్తుంటే, హార్మోనియం వెనకాలే నడుస్తూ, అతడు ఊపిరి తీసుకునే సందులో ఆ స్వరాన్ని తాను మోస్తుంది. నాకు సంగీతం అంటే ఆ సాగుబాటే. ర్యాప్‌లో అచ్చు సాగదు, హల్లు హల్లును తరుముతుంది. అది గొప్ప విద్య కావచ్చు గాని, నా మనసు అక్కడ నిలవదు. ఇష్టాన్ని వాదించి తెప్పించలేరు.

జవాబు: కావలి కుర్రవాడు

పెద్దలిద్దరూ నోటిని మాత్రమే వింటున్నారని నాకు అనిపిస్తోంది. 1979లో ర్యాప్‌ను ఎందరికో తొలిసారి వినిపించిన “రాపర్స్ డిలైట్” పాట, షిక్ బృందం వారి “గుడ్ టైమ్స్”లోని బేస్ గిటార్ (కింది స్థాయి స్వరాలు పలికే గిటార్) వరుస మీద నడుస్తుంది. బాణీ ఆ కింది వరుసలో ఉంటుంది, మాట దాని మీద స్వారీ చేస్తుంది. ఆ మాటకైనా ఎత్తుపల్లాలు లేకపోలేదు. మన వైపు “ఏందబ్బా” అన్న ఒక్క మాటనే పలకరింపుగా ఒక తీరున, ఆశ్చర్యంగా ఒక తీరున, విసుగుగా మరో తీరున అంటాం. స్వరస్థానం రాసి చూపలేకపోయినా తేడా చెవికి తెలుస్తుంది. ఇక అమెరికా గాయని లారిన్ హిల్ లాంటివారు ఒకే పాటలో పాడతారు, ర్యాప్ కూడా చేస్తారు; మామయ్య గారికి అక్కడి నుంచి మొదలుపెడితే సులువు.

మూలాపేట శ్రోత

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి మావాడి పక్కన కూర్చుని తాళం వేశాను. మాటల వెంట పోయినప్పుడల్లా లెక్క తప్పింది. మాటలను వదిలి కింది బేస్‌ను పట్టుకున్నాక నిలిచింది. కందుకూరు వారి లాగే నాకూ ఇప్పటికీ పద్యమే ప్రాణం. అయితే ఈ పొద్దున చెట్లకు నీళ్లు పోస్తూ నేను ఆ బేస్ వరుసనే కూనిరాగం తీస్తున్నానని మావాడు డాబా మీది నుంచి కేక వేసి చెప్పేదాకా నాకు తెలియలేదు.