కల్పిత లోకంలో మొండి కంపు: మంత్రంతో పోవాలా, చాకిరేవులో పోవాలా?

తాళపత్రం (ప్రశ్న)

నేను రాస్తున్న నవల ఒక కల్పిత రాజ్యంలో నడుస్తుంది. కాకతీయుల నాటి ఓరుగల్లును మనసులో పెట్టుకుని కట్టుకున్న లోకం అది. మట్టికోట, రాతికోట, గొలుసుకట్టు చెరువులు, దూరాన ఒక రేవు పట్నం ఉన్నాయి. మంత్రవిద్య కూడా ఉంది, అరుదుగా. కథానాయిక వేటకుక్కల నుంచి తప్పించుకోవడానికి చిత్తడి నేలలో పెరిగే ఒక మొక్కను నలిపి ఒళ్లంతా పూసుకుంటుంది. ఆ మొక్కకు పీనుగుపువ్వు అని పేరు పెట్టాను. కుక్కలు దారి తప్పాయి గానీ కంపు ఆమెను వదలదు. మూడో నాటికి ఆమె రాజసభలో నిలబడి సాక్ష్యం చెప్పాలి.

చిత్తుప్రతి చదివిన ఇద్దరు మిత్రులు ఇక్కడే వాదులాడుకున్నారు. మంత్రగత్తె ఒక్క మాటతో పోగొడితే సరి, కథ ఆగదు అని ఒకరు. అలా పోయేదైతే ఆ మొక్కను పుట్టించడం ఎందుకు అని మరొకరు. నేను రెండో వైపే. అయితే ఆ కాలపు మనిషి చేతిలో అసలు ఏమేం ఉండేవి? తెలిసినవారు చెప్పండి.

వెన్నెలదారి

నేను మొదటి మిత్రుడి వైపు. మంత్రం ఉన్న లోకంలో జనం కష్టమైన పనులకు మంత్రాన్ని వాడుకోరా? మూడు పేజీలు చాకిరేవు గురించి చదవడానికి పాఠకుడు నవల కొనడు. మంత్రానికి ఒక మూల్యం పెట్టండి చాలు. కంపుతో పాటు ఆమె ముక్కుకు వాసన పట్టే శక్తి కూడా పోయిందనండి. ఇక జీవితాంతం మల్లెపూవు ఆమెకు కాగితంతో సమానం. కుంకుడుకాయ రసం ఇంత పని చేయగలదా?

రసాయన బల్ల

మూల్యం ఆలోచన బాగుంది. కానీ తాళపత్రం గారు ముందుగా తేల్చుకోవలసిన మాట ఒకటి ఉంది. కంపులన్నీ ఒక జాతివి కావు.

కుళ్లిన చేప కంపు క్షార గుణం ఉన్న అమీన్లు అనే పదార్థాలది. దాన్ని పులుపు విరుస్తుంది. మన ఇళ్లలో చేపముక్కలను చింతపండు రసంతోనో నిమ్మకాయతోనో కడిగేది అందుకే. ముక్కిన వెన్న కంపు, నార ఊరవేసిన మడుగు కంపు ఆమ్లాలవి. వాటిలో ముఖ్యమైనది బ్యూటిరిక్ ఆమ్లం. దాని మీద పులుపు పోస్తే ఏమీ కాదు. బూడిద నీళ్లు పోస్తే లవణంగా మారి గాలిలోకి లేవడం మానేస్తుంది. కుళ్లిన మాంసం కంపు మూడో జాతి. అందులో గంధకం కలిసిన పదార్థాలు ముఖ్యమైనవి. మన పెరటి కంద పూసినప్పుడు వచ్చేది ఈ కంపే. ఎక్కడో ఏదో చచ్చిందని ఇల్లంతా వెతికి, చివరికి కంద మొక్క దగ్గర తేలిన అనుభవం చాలామందికి ఉంటుంది. ఈగలను, పురుగులను పుప్పొడి పనికి రప్పించుకోవడానికి ఆ పువ్వు పీనుగు వాసన వేస్తుంది.

పీనుగుపువ్వు అనే పేరే మీ మొక్కను ఈ మూడో జాతిలో చేర్చింది. దీనికి పులుపూ పనిచేయదు, బూడిదా అంతంతమాత్రమే. త్వరగా విరగ్గొట్టే మందులు తరువాతి కాలానివి. బ్లీచింగ్ పౌడరు 1799లో, హైడ్రోజన్ పెరాక్సైడు 1818లో వచ్చాయి. మీ కథానాయికకు మిగిలినవి నూనె, ఎండ, గాలి, కాలం. మొదటి మూడూ దొరుకుతాయి. నాలుగోది ఆమె దగ్గర లేదు. కథ అక్కడే ఉందని నా నమ్మకం.

గోగునార

మాది శ్రీకాకుళం జిల్లా. మా చిన్నతనంలో గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ముంచి, పైన బరువు పెట్టి పది పదిహేను రోజులు ఊరవేసేవారు. తరువాత మోకాలి లోతు నీళ్లలో నిలబడి నార ఒలవాలి. ఆ నీళ్లు నల్లగా, జిగటగా ఉంటాయి. ఒక సెలవుల్లో నేనూ దిగాను.

ఇంటికి రాగానే అమ్మ నన్ను గడప అవతలే ఆపింది. పొయ్యిలో బూడిద, నిమ్మడిప్ప ఇచ్చి నూతి దగ్గర రుద్దుకోమంది. గోళ్ల సందులు ఎర్రబడేదాకా రుద్దాను. పోయిందనే అనుకున్నాను. రాత్రి వేడివేడి అన్నంలో పప్పు కలుపుతుంటే ఆ ఆవిరికి వేళ్ల నుంచి కంపు మళ్లీ లేచింది. ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పూట అమ్మే కలిపి పెట్టింది. నా చొక్కా వారం రోజులు పశువులశాల తాడు మీదే ఉంది.

మొండి కంపు లక్షణం ఇదే, తాళపత్రం గారూ. ఆరినప్పుడు దాక్కుంటుంది, తడి తగిలితే, వేడి తగిలితే లేస్తుంది. మీ కథానాయిక సభలోకి వెళ్లేటప్పుడు ఏ వాసనా రాదు. జనం నిండి, ఉక్కపోసి, ఆమెకు చెమట పట్టినప్పుడు చూడండి. దయచేసి మంత్రంతో తుడిచేయకండి. నార తీసినవాళ్లం ఆ పేజీ చదివితే మా కష్టాన్ని తీసిపారేసినట్టు ఉంటుంది.

వెన్నెలదారి

గోగునార గారూ, అన్నం మాట చదివి మనసు కదిలింది. అయినా నా వాదన వదులుకోను. రాజసభకు వెళ్లే మనిషికి పరిమళ ద్రవ్యాలు దొరకవా? కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి ఓడరేవులో వేయించిన శాసనంలో సుంకం కట్టవలసిన సరుకుల్లో గంధం, కర్పూరం, పన్నీరు ఉన్నాయి. వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి, అంటే పరిమళాలు తయారుచేసే విద్యకు, ఒక అధ్యాయమే కేటాయించాడు. కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడు మానసోల్లాసంలో స్నానం, సుగంధ లేపనాల గురించి విస్తారంగా రాశాడు. మంత్రం వద్దంటే ఈ విద్య ఉంది కదా. గుగ్గిలం పొగ పట్టించి, గంధం పూసి పంపండి.

రసాయన బల్ల

ఒక్క మాట. పరిమళం కంపును తీయదు, దాని పక్కన కూర్చుంటుంది. రెండూ కలిసి ముక్కుకు చేరితే ఒక్కోసారి కంపు కంటే భరించలేనిది తయారవుతుంది. గంధకపు వాసనలను మన ముక్కు అతి సూక్ష్మమైన మోతాదులోనే పట్టేస్తుంది. వాటిని కర్పూరం కప్పలేదు.

పాత కాగితం

యూరప్ వైపు నుంచి కొంత చెబుతాను, ఎందుకంటే కంపు అక్కడ కేవలం ముక్కు సమస్య కాదు, ప్రాణభయం. 1348లో ప్లేగు కమ్ముకున్నప్పుడు పారిస్ వైద్య పండితులు రాజుకు ఇచ్చిన నివేదికలో చెడిపోయిన గాలినే కారణంగా చూపారు. దుర్వాసనే రోగమని నమ్మిన కాలంలో కంపు కొడుతూ కోట వాకిలి దగ్గరకు వచ్చిన మనిషిని కావలివాడు లోపలికి రానిస్తాడా? తాళపత్రం గారు సభ గురించి ఆలోచిస్తున్నారు, ఆమె ముందు ద్వారం దాటాలి.

మొక్కల కంపు మీద ఆజ్ఞలు కూడా వచ్చాయి. హెంప్ (గంజాయి జాతి నారమొక్క), అవిసె నారను పశువులు తాగే వాగుల్లో, ఉమ్మడి మడుగుల్లో ఊరవేయకూడదని ఎనిమిదో హెన్రీ కాలంలో, 1541-42లో ఇంగ్లండు పార్లమెంటు చట్టం చేసింది. వోడ్ అనే నీలిరంగు మొక్క ఆకులను నూరి పులియబెట్టే చోట కంపు ఎంత ఘోరమంటే, 1585లో ఎలిజబెత్ రాణి పట్నాల దగ్గర, తన నివాసాల దగ్గర ఆ సాగుకు అడ్డుకట్ట వేస్తూ ప్రకటన జారీ చేసింది. అంతటి రాణి కూడా ఆ కంపును పోగొట్టే ఉపాయం వెతకలేదు, దాన్ని దూరంగా ఉంచమంది. మీ రాజ్యంలోనూ పీనుగుపువ్వు మీద ఒక శాసనం ఉంటే బాగుంటుంది. దాన్ని పూసుకుని రావడమే నేరమైతే, సాక్షి ముద్దాయి అవుతుంది.

చెరువుగట్టు

బొగ్గు మాట ఎవరూ ఎత్తలేదేం? చెడువాసన నీళ్లను బొగ్గు పోసిన కుండలో వడకడితే బాగుపడతాయి. ఆమె బట్టలను బొగ్గుపొడిలో పాతిపెట్టవచ్చు.

రసాయన బల్ల

పనిచేస్తుంది. బొగ్గు రంగును, వాసనను పీల్చుకోవడాన్ని లోవిట్జ్ అనే రసాయనవేత్త వరుస ప్రయోగాలతో చూపింది 1785లోనే అయినా, కొలిమి దగ్గరి మనిషికి చేతి అలవాటుగా తెలిసి ఉండడంలో వింత లేదు. సిద్ధాంతం చెప్పించకండి, పని మాత్రం చేయించండి.

పెడన నేత

కలంకారి అద్దకం చూస్తూ పెరిగినవాడిని. ఇంతసేపూ మీరు విడివిడిగా చెప్పినవన్నీ మా దగ్గర ఒకే పనిలో కలుస్తాయి.

గుడ్డను పేడ కలిపిన నీళ్లలో నానబెడతారు. కొత్తవాళ్లు అది చూసి ముక్కు మూసుకుంటారు. తరువాత పారే నీటిలో జాడించి, ఎండలో నేల మీద పరుస్తారు. పూర్తిగా ఆరనివ్వరు. ఆరుతుండగానే చేత్తో నీళ్లు చల్లుతారు. చల్లిన చోట గుడ్డ నల్లబడి, కాసేపటికి మళ్లీ తేటపడుతుంది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఒక మనిషి ఆ గుడ్డల మధ్య తిరుగుతూనే ఉండాలి. తడి, ఎండ కలిసి చేసే పని అది. ఆ రెంటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చేయలేదు. రోజుల తరబడి ఇలా చేస్తే గోధుమవన్నె గుడ్డ తెల్లబడుతుంది, పేడ వాసన ఆనవాలు కూడా ఉండదు.

హాలెండులోని హార్లెంలో నారబట్టను బూడిద నీళ్లలో ఒకసారి, పుల్ల మజ్జిగలో ఒకసారి మార్చి మార్చి నానబెట్టి, మధ్యలో పచ్చిక మీద ఎండబెట్టేవారని చదివాను. నెలలు పట్టేదట. రసాయన బల్ల గారు చెప్పిన క్షారం, పులుపు, ఎండ మూడూ అందులో ఉన్నాయి. మీ నవలలో చాకిరేవు మనుషులను పెట్టండి. రాజ్యంలో ఆమెను కాపాడగల విద్య వాళ్ల చేతుల్లోనే ఉంది.

వెన్నెలదారి

గుడ్డను పరచవచ్చు. మనిషినీ, మనిషి జుట్టునూ మూడు రోజులు పేడనీళ్లలో నానబెట్టి పరుస్తారా? ఆమె ఒంటికి పూసుకుంది. దీనికి మీలో ఎవరూ జవాబు చెప్పలేదు.

రసాయన బల్ల

న్యాయమైన ప్రశ్న. చర్మం కొంత నయం. నూనె పట్టించి నలుగు పెడితే కంపు నూనెలో కరిగి, పై పొరతో పాటు చాలావరకు రాలిపోతుంది. ముందు నూనె, తరువాత సున్నిపిండి, ఈ వరుస తప్పకూడదు. జుట్టు అలా కాదు. పట్టుకున్నది వదలదు. నూనె, కుంకుడు రసం మార్చి మార్చి ఎన్నిసార్లు పోసినా, మూడు రోజుల్లో పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వలేను.

తాళపత్రం

అందరికీ నమస్కారం. రాత్రంతా ఆ అధ్యాయం తిరగరాశాను. వెన్నెలదారి గారు అడిగిన జుట్టు ప్రశ్న దగ్గరే నాకు దారి దొరికింది. రేవులో ఒక పెద్దావిడ ఆమెకు నూనె రాస్తుంది, నలుగు పెడుతుంది, చీరను తడిపి ఎండబెడుతూ రెండు రోజులు గట్టు మీదే కూర్చుంటుంది. మూడో నాటి పొద్దున జడను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఏమీ మాట్లాడకుండా కత్తెర తెస్తుంది. సభలోకి ఆమె బోడితలతో వెళుతుంది. పాత కాగితం గారు చెప్పిన శాసనాన్ని ద్వారం దగ్గర పెట్టాను. కావలివాడు ఆమెను వాసన చూసి వదులుతాడు. ఉక్కపోత దగ్గర గోగునార గారి అన్నం ముద్ద గుర్తుకొచ్చి, ఒక చోట మాత్రం కంపును మిగిల్చాను. అది ఆమె కుడిచేతి గోళ్ల సందుల్లో ఉంది.

వెన్నెలదారి

జుట్టు ఇచ్చింది, సరే. అది మూల్యమేనని ఒప్పుకుంటున్నాను. కానీ మీ లోకంలో మంత్రగత్తె ఉందని మొదటే చెప్పారు. ఆ మూడు రోజులూ ఆమె ఎక్కడుంది, ఎందుకు రాలేదు? అది రాసేదాకా నా అభ్యంతరం అలాగే ఉంటుంది.