బొనేర్‌లో తొలిసారి ఒడ్డు నుంచి డైవింగ్: ఎలా సిద్ధపడాలి?

గోదారిగట్టు

నమస్తే అండీ. మేం హ్యూస్టన్‌లో ఉంటాం. వచ్చే నెల నేను, మా 19 ఏళ్ళ అబ్బాయి వారం రోజులు డైవింగ్ కోసం కరేబియన్ దీవి బొనేర్ వెళ్తున్నాం. మావారు కూడా వస్తున్నారు కానీ నీళ్ళలోకి దిగరు. ఒడ్డున కుర్చీ వేసుకుని పుస్తకాలు చదువుకుంటారట.

మా ఇద్దరికీ ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (డైవింగ్‌లో మొదటి మెట్టు) ఉంది. ఆస్టిన్ దగ్గర లేక్ ట్రావిస్‌లో చేశాం, తర్వాత మెక్సికోలోని కోజుమెల్‌లో పడవ మీద నుంచి కొన్ని డైవ్‌లు చేశాం. అక్కడ ట్యాంకు వాళ్ళే బిగించారు, బరువుల బెల్టు వాళ్ళే చేతికిచ్చారు. నీళ్ళలో గైడు వెనకాల వెళ్ళడం తప్ప మాకు వేరే పని లేదు. బొనేర్‌లో అలా కాదట కదా. పికప్ ట్రక్ అద్దెకు తీసుకుని, ట్యాంకులు వెనక వేసుకుని, రోడ్డు పక్కన నచ్చిన చోట ఆపి మనమే దిగాలట. అసలు టెన్షన్ అక్కడే మొదలైంది.

అంత సామాను వీపున వేసుకుని రాళ్ళ మీద నడిచి సముద్రంలోకి ఎలా వెళ్ళాలి? ఎంత బరువు పెట్టుకోవాలి? దిగిన చోటికే తిరిగి ఎలా వస్తాం? గైడు దండగ అని మావాడు అంటున్నాడు. వాడికి భయం అంటే తెలియదు, నాకేమో వాడి వాటా భయం కూడా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

లాసన్స్‌బే

అమ్మా, నాది విశాఖ, ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. బొనేర్ చాలాసార్లు వెళ్ళాను కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

ముందు భయం తీరే మాట. అక్కడ గాలి దాదాపు ఎప్పుడూ తూర్పు నుంచి వీస్తుంది. డైవింగ్ అంతా పడమటి తీరంలోనే కాబట్టి దీవే గాలికి అడ్డు. మన ఆర్కే బీచ్ కెరటాలు చూసినవాళ్ళకి అది చెరువులా కనిపిస్తుంది. ఎప్పుడైనా గాలి తిరగబడి పడమటి నుంచి వీస్తే మాత్రం ఆ రోజు దిగకండి. తూర్పు తీరం జోలికి సొంతంగా వెళ్ళనే వద్దు.

కెరటాల సంగతి అలా ఉంచితే, ఇబ్బందంతా కాళ్ళ కింద. ఇసుక తీరాలు తక్కువ. చాలాచోట్ల విరిగిన పగడపు ముక్కలు, నాచు పట్టిన రాతి పలకలు, సందుల్లో ముళ్ళున్న సముద్రపు అర్చిన్లు. అందుకే మందపాటి అట్ట ఉన్న బూటీలు, వాటి మీద వేసుకునే పట్టీ ఉన్న ఫిన్స్ (కాళ్ళకి తొడిగే ఈత తెడ్లు) కావాలి. కోజుమెల్‌లో వట్టి కాలికి తొడుక్కునే ఫిన్స్ వాడి ఉంటే అవి ఇంట్లో వదిలేయండి. బూటీలు కొన్నాక నెలరోజులు ఇంట్లో వేసుకుని తిరగండి. కొత్తవి మడమ కొరుకుతాయి, ఉప్పునీళ్ళలో ఆ పుండు మానదు. గ్లోవ్స్ కొనకండి, అక్కడి మెరైన్ పార్క్‌లో నిషేధం. చేతికి తొడుగుంటే ఎవరైనా పగడాన్ని పట్టుకుంటారని.

దిగే పద్ధతి ఇదీ. సామాను తొడుక్కునే ముందే ఇద్దరూ ఒడ్డున నిలబడి ఐదు నిమిషాలు నీళ్ళనే చూడండి. కెరటం ఎక్కడ విరుగుతోంది, వరసగా ఎన్ని వస్తున్నాయి, మధ్యలో ఎంత ఖాళీ దొరుకుతోంది? అడుగున లేత రంగు కనబడే చోట ఇసుక ఉంటుంది, నడవాల్సిన దారి అదే. తర్వాత బీసీడీలో (గాలి నింపితే తేల్చే జాకెట్) సగం గాలి నింపుకుని, మాస్క్ ముఖానికి, ట్యాంకు గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, ఫిన్స్ చేత్తో పట్టుకుని, పక్కపక్కన చేయీ చేయీ పట్టుకుని నడవండి. అడుగులు ఎత్తకుండా పాదాలు నేల మీద ఈడుస్తూ వెళ్ళండి. నడుం దాటి నీళ్ళు వచ్చాక ఒకరిని పట్టుకుని ఇంకొకరు ఫిన్స్ వేసుకోండి. పైకి వచ్చేటప్పుడు ఇదే తిరగేయండి. గట్టిగా నిలబడేదాకా రెగ్యులేటర్ నోట్లోంచి తీయొద్దు, మాస్క్ నుదుటి మీదికి నెట్టొద్దు. కాలు జారుతుంటే నిలబడే ప్రయత్నం మానేసి మోకాళ్ళ మీద పాకుతూ రండి. అక్కడ అందరూ అలాగే వస్తారు, ఎవరూ నవ్వరు.

ఇదంతా ఇంటి దగ్గరే అలవాటు చేసుకోవచ్చు. వెళ్ళేలోపు లేక్ ట్రావిస్‌కి ఒకసారి వెళ్ళి, లోతు డైవ్ పెట్టుకోకుండా, పూర్తి సామానుతో దిగడం, ఎక్కడం, నడుంలోతులో ఫిన్స్ వేయడం, తీయడం చేయండి. విసుగొచ్చేదాకా చేయండి. మీ అబ్బాయికి మీకంటే ముందు విసుగొస్తుంది, అయినా చేయించండి.

బరువు సంగతి. లేక్‌లో పెట్టుకున్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఉప్పునీళ్ళు మంచినీళ్ళ కంటే దాదాపు 2.5 శాతం బరువు. మనిషీ సామానూ కలిపి 200 పౌండ్లు ఉంటే సముద్రంలో 5 పౌండ్లు అదనంగా కావాలి. కానీ లేక్‌లో చలికి మందం సూట్ వేసుకుని ఉంటారు. బొనేర్‌లో నీళ్ళు 26 నుంచి 29 డిగ్రీలు, 3 మిల్లీమీటర్ల సూట్ చాలు. పల్చటి సూట్ తక్కువ తేలుతుంది కాబట్టి ఆ మేరకు బరువు తగ్గుతుంది. కాగితం మీద లెక్కలు వద్దు, నీళ్ళలోనే చూసుకోండి. ఇంకోటి, మామూలు 80 క్యూబిక్ అడుగుల అల్యూమినియం ట్యాంకులో గాలి బరువే దాదాపు 6 పౌండ్లు. డైవ్ చివరికి అందులో 5 పౌండ్ల వరకూ పోతాయి, ట్యాంకు తేలడం మొదలుపెడుతుంది. అందుకే మొదటి డైవ్ ఆఖర్న ట్యాంకులో గాలి ఒత్తిడి 500 పీఎస్ఐ ఉన్నప్పుడు 15 అడుగుల లోతులో బీసీడీ ఖాళీ చేసి చూడండి. అక్కడ కదలకుండా నిలబడగలిగితే లెక్క సరిపోయినట్టే. రాసిపెట్టుకోండి, వారమంతా అదే.

దారి తప్పడం కష్టం, పద్ధతి పాటిస్తే. రోడ్డు పక్కన పసుపు రంగు రాయి మీద డైవ్ సైట్ పేరు ఉంటుంది. చాలా సైట్లకు ఎదురుగా నీళ్ళలో పడవలు కట్టుకునే బోయా ఒకటి తేలుతుంటుంది, దాదాపుగా రీఫ్ (పగడపు దిబ్బ) అంచున. పైపైనే ఈదుకుంటూ అక్కడిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి మీ ట్రక్, దాని వెనకాల ఏముందో గుర్తుపెట్టుకుని, అప్పుడు దిగండి. రీఫ్ ఒడ్డుకు సమాంతరంగా ఉంటుంది, సుమారు 10 మీటర్ల నుంచి వాలు మొదలవుతుంది. ఉత్తరం వైపు వెళ్తే వాలు పైభాగం మీ కుడి భుజం వైపు, తిరిగి వచ్చేటప్పుడు ఎడమ వైపు. కంపాస్‌లో తూర్పు అంటే ఇల్లు. కరెంట్ (నీటి ప్రవాహం) ఎటు ఉందో చూసి ముందు దానికి ఎదురు వెళ్ళండి, వచ్చేటప్పుడు అదే తోసుకొస్తుంది. 3000 పీఎస్ఐతో దిగితే ఇద్దరిలో ఎవరిది ముందు 2000కి వస్తే అప్పుడే ఇద్దరూ వెనక్కి. కుర్రాళ్ళు గాలి ఎక్కువ తాగుతారు, అది మీ అబ్బాయిదే అవుతుంది చూడండి.

పడవ మీద వెళ్తే వద్దు అనేది కెప్టెన్. ఇక్కడ వద్దు అనాల్సింది మీరే, అదీ రోజుకు మూడుసార్లు, సామానంతా తొడుక్కుని చెమటలు కారుతున్నప్పుడు. నాకు తెలిసి ఒడ్డు డైవింగ్‌లో కష్టమైన పని అదొక్కటే. అందుకే బయల్దేరే ముందే మీవాడితో ఒప్పందం చేసుకోండి. ఎవరు బొటనవేలు పైకి చూపించినా (డైవింగ్‌లో అది పైకి వెళ్దాం అనే సైగ), కారణం అడగకుండా ఇద్దరూ బయటికే. ఎందుకు అనేది ఒడ్డు మీద మాట్లాడుకోవచ్చు. నీళ్ళలో మీరు వాడికి తల్లి కాదు, బడ్డీ, అంటే డైవింగ్ జత. వాడు కూడా మీకు అంతే.

కరీంనగర్_చేప

బాబాయ్ అన్నీ చెప్పేసిండు. నా వంతు రెండు ముక్కలు. నేను ఒడ్డు డైవింగ్ నేర్చుకుంది అండమాన్‌లో, హావ్‌లాక్‌లోని నీమో రీఫ్ దగ్గర. ఇప్పుడు ఆ దీవి పేరు స్వరాజ్ ద్వీప్. అక్కడ పోటు టైం చూసుకోకపోతే నీళ్ళు వెనక్కి పోయి రాళ్ళ మీద చాలాదూరం నడవాలె. బొనేర్‌లో ఆ బాధ లేదక్కా, ఆటుపోట్ల తేడా అడుగు అటూ ఇటూ. ఎప్పుడైనా దిగొచ్చు.

గైడు విషయంలో మీ అబ్బాయి మాటే కరెక్ట్ అంటాను. ఎట్లాగూ మెరైన్ పార్క్ నిబంధనలు వినిపించి, మీ షాపు ముందున్న నీళ్ళలోనే మొదటి డైవ్ చేయిస్తారు. అది అయ్యాక వేరే గైడు ఎందుకు, డబ్బులు దండగ.

లాసన్స్‌బే

తమ్ముడూ, ఆ మొదటి డైవ్ బరువులు సరిచూసుకోవడానికి. షాపుల ముందు మెట్లో నిచ్చెనో ఉంటుంది, రాళ్ళ మీద నడవడం అందులో రాదు. ఒక్క పూట గైడుతో వెళ్ళి, రెండు కష్టమైన చోట్ల దిగి ఎక్కడం చేయిస్తే చాలు. చేపలు చూపించమని అడగొద్దు, దారి చూపించమని అడగాలి. ఇందులో నేను మాట మార్చను.

రెండు_సూట్‌కేసులు

మేం పోయినేడాది మా పిల్లలతో వెళ్ళొచ్చాం. డైవింగ్ గురించి పైవాళ్ళు చెప్పారు, నేను మిగతా గొడవ చెప్తా.

నేచర్ ఫీ మనిషికి 40 డాలర్లు, ఎంట్రీ ట్యాక్స్ 75. రెండూ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో కట్టేసి ఫోన్‌లో దాచుకోండి. అక్కడ నడిచేది అమెరికా డాలరే. కరెంటు 127 వోల్టులు, ప్లగ్గులు అమెరికావే, మా చిన్న రైస్ కుక్కర్ హాయిగా పనిచేసింది. పప్పు, బియ్యం, పులిహోర పేస్టు తీసుకెళ్ళాం. రెండు డైవ్‌లు చేసి వచ్చాక హోటల్ వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటిని 2021 నుంచి అక్కడ నిషేధించారు. మేమైతే పొడుగు చేతుల రాష్‌గార్డులు (ఈత చొక్కాలు) వేసుకుని అసలు క్రీమే తగ్గించేశాం. 2023లో అక్కడి రాతి పగడాలకు కణజాలం ఊడిపోయే జబ్బు వచ్చింది. అందుకే సామాను క్రిమిసంహారక మందులో ముంచమంటున్నారు. షాపులో తొట్టి ఉంటుంది, బద్ధకించకండి.

ట్రక్కులో ఏమీ వదలకూడదు. కిటికీలు దించి, తలుపులు తాళం వేయకుండా దిగమని అద్దెకిచ్చేవాళ్ళే చెప్తారు, లేకపోతే అద్దం పగలగొడతారట. చెప్పులు కూడా పోయినవాళ్ళున్నారు. మీవారు ఒడ్డునే ఉంటారు కాబట్టి మీకు ఆ బాధ తప్పింది. ఆయనకో పెద్ద గొడుగు మాత్రం కొనండి, దక్షిణం వైపు ఉప్పు మడుల దగ్గర చెట్టన్నది లేదు. చాలా ట్రక్కులు గేర్లవి. అమెరికా వచ్చాక క్లచ్ మర్చిపోయి ఉంటే బుక్ చేసేటప్పుడే ఆటోమేటిక్ అడగండి. చీకటి పడ్డాక నెమ్మదిగా నడపండి, రోడ్డుకు అడ్డంగా గాడిదలు నిలబడి ఉంటాయి. ఎంత హారన్ కొట్టినా జరగవు.

గోదారిగట్టు

అందరికీ చాలా థాంక్స్. బాబాయి గారూ, మీ పోస్టు ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించాను. మావాడు చదివి బొటనవేలు ఒప్పందానికి సరే అన్నాడు. గైడు ఒక పూటకి అంటే దానికీ ఒప్పుకున్నాడు.

ఇంకో రెండు సందేహాలు. వాడు హిల్మా హుకర్ ఓడ చూడాలని పట్టుబడుతున్నాడు, మొదటి రోజే థౌజండ్ స్టెప్స్ కూడా అంటున్నాడు. మా తిరుగు విమానం శనివారం మధ్యాహ్నం. ఆఖరి డైవ్ ఎప్పుడు పెట్టుకోవాలి?

లాసన్స్‌బే

విమానం సంగతి ముందు. వరసగా చాలా డైవ్‌లు చేసినవాళ్ళు ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రత చూసే డాన్ సంస్థ సూచన. నేను 24 పాటిస్తాను. శుక్రవారం ఉదయం ఆఖరి డైవ్, మధ్యాహ్నం సామాను మంచినీళ్ళలో కడిగి ఆరేసుకోవడం, సాయంత్రం ఫ్లెమింగోలు చూడటం. వెళ్ళేముందు ఆ సంస్థ డైవింగ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. బొనేర్ ముఖ్యపట్టణం క్రాలెండైక్ ఆసుపత్రిలో రీకంప్రెషన్ ఛాంబర్ (డైవింగ్ జబ్బుకి చికిత్స చేసే ఒత్తిడి గది) ఉంది, కానీ దాని బిల్లు మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ కడుతుందన్న నమ్మకం లేదు. జలుబు చేసి చెవులు తెరుచుకోకపోతే మందు మింగి దిగొద్దు, ఆ రోజు మీవారి పక్కన కూర్చోండి.

హిల్మా హుకర్ 1984 సెప్టెంబరులో మునిగిన సరుకుల ఓడ. అధికారులు దాన్ని పట్టుకున్నప్పుడు లోపల గంజాయి దొరికింది. పక్కకు ఒరిగి ఇసుకలో 30 మీటర్ల దగ్గర పడుకుని ఉంది. మీ సర్టిఫికెట్‌కి హద్దు 18 మీటర్లు. ఓడ పైవైపు దాదాపు ఆ లోతులోనే ఉంటుంది, అక్కడి నుంచి పొడుగంతా కనిపిస్తుంది. కిందికి వెళ్ళాలంటే మీవాణ్ణి అక్కడే అడ్వాన్స్‌డ్ కోర్సు చేయమనండి. ఓడ లోపలికి మాత్రం కోర్సు చేసినా వద్దు.

ఓడలకి ఉప్పు ఎక్కించే రేవు, సాల్ట్ పియర్, దాని కింది డైవ్ వదులుకోకండి. ఉప్పు ఎక్కించుకునే ఓడ కట్టి ఉంటే మాత్రం అక్కడ దిగనివ్వరు, పొద్దున్నే షాపులో అడిగి వెళ్ళండి.

థౌజండ్ స్టెప్స్‌కి పేరే తప్ప మెట్లు నిజానికి 70 లోపే. దిగేటప్పుడు బాగానే ఉంటుంది. గంటసేపు నీళ్ళలో ఉండి, తడి సామాను వీపున వేసుకుని ఎక్కేటప్పుడు ఆ పేరెందుకు పెట్టారో తెలుస్తుంది. మొదటి రోజు వద్దు, కాళ్ళు కుదిరాక బుధవారమో గురువారమో వెళ్ళండి. అది దాటాక రోడ్డు ఒకవైపే వెళ్తుంది, వచ్చిన దారిన తిరిగి రాలేరు, రింకన్ ఊరి మీదుగా చుట్టి రావాలి. పైకి ఎక్కేటప్పుడు మీ ట్యాంకు కూడా మీ అబ్బాయి చేత మోయించండి. తర్వాతి రోజు ప్లాన్ వాడే తగ్గించుకుంటాడు.