మంగలి కత్తితో షేవింగ్: మెడ దగ్గర తెగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అటక మీద తాతయ్య పాత మంగలి కత్తి దొరికితే సాన పట్టించి రెండు వారాలుగా దాంతోనే గీసుకుంటున్నా. బుగ్గలు పర్లేదు కానీ మెడ దగ్గర ప్రతిసారీ తెగుతోంది, పైగా గంటసేపు మంట. మామూలు రేజర్‌కి పోవడమే మేలా?

జవాబు: అప్పుడే వదలకండి. కత్తి చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి, నిలబెడితే తెగుతుంది, మరీ పడుకోబెడితే వెంట్రుకను పీకుతుంది. రెండో చేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకోండి, సగం పని అదే. మెడ మీద వెంట్రుకలు అందరికీ కిందికే పెరగవు, కొందరికి పక్కకి తిరిగి ఉంటాయి, వేలితో నిమిరినప్పుడు ఎటువైపు గరుగ్గా తగిలితే అది ఎదురు, అటు గీయకండి. మొదటి నెల బుగ్గలకే కత్తి, మెడకి మామూలు రేజర్. సిగ్గేం లేదు.

ఇంకొకరు: కత్తిని తోలు పట్టీ మీద రుద్దుతున్నారా? గీసుకునే ముందు ప్రతిసారీ ఓ 30, 40 సార్లు రుద్దాలి, కత్తి వీపు, అంటే మొద్దు వైపు, ముందు నడవాలి, అంచు వెనక. తిప్పేటప్పుడు కూడా వీపు మీదే దొర్లించాలి. నేను మొదట్లో అంచు మీద తిప్పి కొత్త పట్టీకి గాటు పెట్టా, ఆ గాటు ఇప్పటికీ వెక్కిరిస్తూనే ఉంది.

ప్రశ్న అడిగినవారు: పట్టీయా? నేను జీన్స్ ప్యాంటు మీద రుద్దుతున్నానండీ.

ఇంకొకరు: దొరికింది దొంగ! ముందు పట్టీ కొనండి. ఈలోపు తెగినచోట తడిపిన పటిక రాయండి, కత్తి మడత దగ్గర తడి లేకుండా తుడవండి, తుప్పు అక్కడే మొదలవుతుంది.